సంతకం సరే.. కొండ ఒప్పుకోవాలిగా!

మొన్న ఓపీ ముగిసే వేళకు ఒక మాస్టారు వచ్చారు. ఈమధ్యే రిటైరైన హెడ్మాస్టరు. చుట్టుపక్కల మూడు మండలాల్లో ఆయన దగ్గర లెక్కలు నేర్చుకోని కుటుంబం తక్కువ. చేతిలో ఒక ఫారం, పక్కన భార్య.

‘‘డాక్టరు గారూ, పెద్ద పనేం లేదు. ఒక్క సంతకం. అబ్బాయి హైదరాబాద్‌లో మా ఇద్దరికీ ఎవరెస్ట్ బేస్ క్యాంపు టికెట్లు తీశాడు. అక్టోబరులో ప్రయాణం’’ అన్నారు.

ఫారం చూశాను. ‘ఈయన ఎత్తైన ప్రదేశాల్లో నడవడానికి ఆరోగ్యపరంగా అర్హుడని ధ్రువీకరిస్తున్నాను’ అని ఉంది. కింద డాక్టరు సంతకం, ముద్ర, రిజిస్ట్రేషన్ నంబరు. మాస్టారికి పదేళ్లుగా బీపీ. షుగరుకు రెండు రకాల మాత్రలు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయిస్తే 8.9 వచ్చింది. అమ్మగారికి హిమోగ్లోబిన్ 9.2. ప్రయాణానికి రెండు నెలలు కూడా లేదు.

సంతకం చేయలేదు. మాస్టారికి కోపం వచ్చింది. ‘‘రోజూ గంట నడుస్తానండీ. ఈ వయసులో కూడా పొలం గట్ల మీద నన్ను దాటి వెళ్లేవాడు లేడు’’ అన్నారు. ఆయన మాట అబద్ధం కాదు. కాకపోతే పొలం గట్టుకీ హిమాలయానికీ తేడా కాళ్లలో లేదు, గాలిలో ఉంది.

ఇలాంటి ఫారాలు ఈమధ్య ఎక్కువయ్యాయి. ఒకప్పుడు అమర్‌నాథ్ యాత్రకే వచ్చేవి. ఇప్పుడు కేదార్‌నాథ్, కైలాస మానససరోవరం, లద్దాఖ్, ట్రెక్కింగ్ కంపెనీల ప్యాకేజీలు. పిల్లలు డబ్బు కట్టేస్తారు, పెద్దవాళ్లు సూట్‌కేసు సర్దేస్తారు, చివర్లో సంతకం కోసం మా దగ్గరికి వస్తారు. అసలైతే డాక్టరు దగ్గరికి రావడమే మొదటి పని కావాలి.

మన ఊరి గాలి, అక్కడి గాలి

చల్లపల్లి సముద్రమట్టానికి పట్టుమని పది మీటర్ల ఎత్తు కూడా లేదు. మన దివిసీమలో ఎత్తంటే కృష్ణ కరకట్ట, కాదంటే పెనుమూడి వారధి. తిరుమల కొండ కూడా వెయ్యి మీటర్ల లోపే. ఎత్తు వల్ల వచ్చే జబ్బులు సాధారణంగా 2,500 మీటర్లు దాటాక మొదలవుతాయి. కేదార్‌నాథ్ 3,583 మీటర్లు, అమర్‌నాథ్ గుహ 3,888, లేహ్ పట్టణం సుమారు 3,500. ఎవరెస్ట్ బేస్ క్యాంపు 5,364. కైలాస పరిక్రమలో దాటే డోల్మా కనుమ 5,600 మీటర్లకు పైనే.

‘పైన ఆక్సిజన్ తక్కువ’ అని అందరూ అంటారు. నిజానికి గాలిలో ఆక్సిజన్ శాతం బందరులోనూ బేస్ క్యాంపులోనూ ఒకటే, 21. పైకి వెళ్లేకొద్దీ తగ్గేది గాలి ఒత్తిడి. ఇక్కడ కొన్న చిప్స్ ప్యాకెట్ లేహ్‌లో దిగేసరికి బూరెలా ఉబ్బిపోయి ఉంటుంది. బయటి ఒత్తిడి తగ్గడమే దానికి కారణం. ఒత్తిడి తగ్గితే ఒక్కో శ్వాసకు లోపలికి చేరే ఆక్సిజనూ తగ్గుతుంది. 3,500 మీటర్ల దగ్గర మనకు అలవాటైన దాంట్లో మూడింట రెండొంతులు, బేస్ క్యాంపు దగ్గర దాదాపు సగం.

శరీరం దీనికి సర్దుకోగలదు. శ్వాస వేగం పెంచుతుంది, గుండె వేగం పెంచుతుంది, మూత్రపిండాలు రక్తంలోని రసాయనాలను సరిచేస్తాయి. తర్వాత ఎర్ర కణాలు పెరుగుతాయి. అయితే దీనికి రోజులు పడుతుంది. ఆ రోజులు ఇవ్వకుండా పైకి పోతే మొదట తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం, నీరసం కనిపిస్తాయి. దీన్ని ఏఎంఎస్ అంటాం, అంటే ఎత్తు వల్ల వచ్చే తొలి అస్వస్థత. ఇంతటితో ఆగితే ప్రమాదం లేదు. ఆగకపోతే ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు, మెదడు వాయవచ్చు. ఈ రెండూ గంటల్లో ప్రాణం తీయగలవు.

ఈ సంగతిని ప్రపంచానికి వివరంగా చెప్పినవాళ్లలో మన సైనిక వైద్యులే ముందున్నారు. 1962 యుద్ధ సమయంలో మైదానాల్లోని జవాన్లను ఉన్నపళంగా హిమాలయాలకు తరలించాల్సి వచ్చింది. శత్రువు తూటా తగలకుండానే చాలామంది పడిపోయారు. డాక్టర్ ఇందర్ సింగ్, ఆయన సహచరులు 1,925 మంది జవాన్లలో ఈ జబ్బును పరిశీలించి 1969లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురించారు. వాళ్లంతా కుర్రాళ్లు, రోజూ కసరత్తు చేసేవాళ్లు. అయినా కొండ వాళ్లను వదల్లేదు. అప్పటి పాఠాలతోనే సైన్యం 9 వేల అడుగులు దాటాక ఆరు రోజులు, 12 వేలు దాటాక నాలుగు రోజులు, 15 వేలు దాటాక మరో నాలుగు రోజులు శరీరాన్ని అలవాటు చేసుకోవాలనే పద్ధతి పెట్టుకుంది. జవాన్లకే పద్నాలుగు రోజులు! మన మాస్టారికి అబ్బాయి తీసుకున్న ప్యాకేజీలో ఎక్కడానికి ఇచ్చింది ఆరు రోజులు.

నేనూ దాచాను

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల కిందట ఎండీ బ్యాచ్‌మేట్లు అయిదుగురం ఇదే దారిలో వెళ్లాం. అందరం డాక్టర్లమే. లుక్లా దాకా విమానం, అక్కడి నుంచి నడక. నామ్చే బజార్‌లో రెండు రాత్రులు, డింగ్‌బోచేలో రెండు రాత్రులు బాగానే గడిచాయి. 4,940 మీటర్ల ఎత్తున్న లోబుచే చేరిన సాయంత్రం నాకు తలనొప్పి మొదలైంది. ఎవరికీ చెప్పకుండా పారాసిటమాల్ వేసుకున్నాను. రాత్రి భోజనం దగ్గర పళ్లెం ముందు కూర్చుంటే అన్నం వాసనకే కడుపులో తిప్పింది. ‘ఆకలి లేదురా, సూప్ ఎక్కువైంది’ అన్నాను. నలుగురు స్నేహితుల ముందు, అదీ మర్నాడు బేస్ క్యాంపు చేరబోతున్నప్పుడు, ‘నాకు బాగోలేదు’ అనడానికి నోరు రాలేదు. ఇదే మాట ఏ పేషెంటయినా దాచి ఉంటే ఓపీలో గట్టిగా కోప్పడేవాణ్ని.

రాత్రి రెండుసార్లు వాంతి అయింది. తెల్లారేసరికి మా గైడ్, ఇరవై మూడేళ్ల కుర్రాడు, నా మొహం చూసి గదిలోకి వచ్చాడు. నేల మీద పలకల గీత చూపించి, ఒక పాదం మడమను రెండో పాదం వేళ్లకు ఆనిస్తూ దాని మీద నడవమన్నాడు. తూలకుండా నడిచాను. అయినా అతను తల అడ్డంగా ఊపి ‘‘సర్, ఊపర్ నహీ. నీచే’’ అన్నాడు. నా డిగ్రీలు, నా వాదన ఏవీ అతను వినలేదు. సహాయకుణ్ని తోడిచ్చి ఫెరిచే వైపు దించేశాడు. ఆరు వందల మీటర్ల దాకా దిగేసరికి, మధ్యాహ్నానికల్లా తలనొప్పి చేత్తో తీసేసినట్టు పోయింది. ఫెరిచేలో హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ వాళ్ల క్లినిక్ ఉంది. సీజన్‌లో రోజూ మధ్యాహ్నం మూడు గంటలకు అక్కడి డాక్టర్లు ఎత్తు జబ్బుల గురించి ట్రెక్కర్లకు చెబుతారు. ఆ రోజు నేను వెనక బెంచీలో కూర్చుని విన్నాను. బేస్ క్యాంపు ఇంతవరకూ చూడలేదు.

అప్పటి నుంచి నేను ఫారం మీద సంతకం పెట్టే ముందు అడిగే మొదటి ప్రశ్న బీపీ గురించి కాదు. ‘ఒంట్లో బాగోకపోతే పక్కవాళ్లకు చెబుతారా, దాస్తారా?’ అని అడుగుతాను. మన ఇళ్లలో పెద్దవాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, ‘నా ఒక్కదాని కోసం అందరి ప్రయాణం ఎందుకు చెడగొట్టాలి’ అని దాస్తారు. పైన అది ప్రమాదం.

గుర్తుపెట్టుకోవాల్సింది ఇంతే. 2,500 మీటర్లు దాటాక తలనొప్పి, వాంతి, నీరసం ఏది వచ్చినా, వేరే కారణం తేలేదాకా అది ఎత్తు వల్ల వచ్చిందనే అనుకోవాలి. గ్యాస్ అనో, నిద్ర చాలలేదనో సర్దిచెప్పుకోకూడదు. ఆ లక్షణాలు ఉన్నంతసేపు ఇంకొక్క మీటరు కూడా పైకి వెళ్లకూడదు. ఉన్నచోటే విశ్రాంతి తీసుకున్నా తగ్గకుండా ముదురుతుంటే అర్ధరాత్రయినా సరే దిగాలి. కూర్చున్నా ఆయాసం, ఆగని దగ్గు, నురగలాంటి కళ్లె, నీలం తిరిగిన పెదవులు ఉంటే ఊపిరితిత్తుల్లోకి నీరు వస్తోందని అర్థం. ఇది చాలాసార్లు పైకి చేరిన రెండో రాత్రి నుంచి కనిపిస్తుంది. గీత మీద నడిపిస్తే తూలడం, మాట తడబడటం, పొంతన లేకుండా మాట్లాడటం, మగతగా ఉండటం మెదడు వాపు గుర్తులు. ఈ మనిషిని ఒంటరిగా పంపకూడదు, పడుకోబెట్టి పొద్దున చూద్దాం అనకూడదు. ఆక్సిజన్, మందులు ఇస్తూనే కిందికి దించాలి.

ప్యాకేజీ చూసేటప్పుడు

ప్రయాణ పథకంలో నేను చూసేది దృశ్యాలు కాదు, రాత్రులు. పగలు ఎంత ఎత్తుకు వెళ్లారన్నది అంత ముఖ్యం కాదు, రాత్రి ఎంత ఎత్తులో పడుకున్నారన్నదే ముఖ్యం. 3,000 మీటర్లు దాటాక ఒక రాత్రికీ మర్నాటి రాత్రికీ పడుకునే ఎత్తు 500 మీటర్లకు మించి పెరగకూడదు. మూడు నాలుగు రోజులకోసారి ఒకేచోట రెండో రాత్రి ఉండాలి. మాస్టారి ప్యాకేజీలో నామ్చేలో ఒక్క రాత్రే, డింగ్‌బోచేలో ఒక్క రాత్రే. అంటే 3,440 నుంచి 4,940కి మూడు రోజుల్లో. ‘‘రెండు రోజులు తగ్గిస్తే మనిషికి ఇన్ని వేలు కలిసొస్తాయి అంకుల్’’ అని అబ్బాయి ఫోన్‌లో అన్నాడు. కలిసొచ్చేది ఎవరికో నాకు అర్థమైంది.

కంపెనీని ధైర్యంగా అడగండి. గైడ్‌కు ప్రథమ చికిత్స శిక్షణ ఉందా? ఆక్సిజన్ సిలిండరు, వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటరు వెంట ఉంటాయా? ఒకరికి బాగోకపోతే దించడానికి రెండో మనిషి ఉంటాడా? నాకు జరిగినట్టు బృందం పైకీ, పేషెంటు కిందికీ వెళ్లాలంటే ఇద్దరు కావాలి కదా. ఇన్సూరెన్స్ ఎంత ఎత్తు వరకు వర్తిస్తుంది, హెలికాప్టరు ఖర్చు ఇస్తుందా? సరైన జవాబు చెప్పకుండా ‘ఏం కాదు సార్, మొన్న డెబ్బై ఏళ్లాయన్ని తీసుకెళ్లాం’ అనేవాళ్లకు డబ్బు కట్టొద్దు.

కేదార్‌నాథ్‌కు హెలికాప్టరులో వెళ్లేవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. నడవక్కర్లేదు కాబట్టి క్షేమమనుకుంటారు. గుప్తకాశీ 1,300 మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంటుంది. ఆ పరిసరాల నుంచి కొన్ని నిమిషాల్లో 3,583 మీటర్లకు చేరిపోతారు. మోకాళ్లకు శ్రమ తప్పుతుంది గానీ గుండెకూ ఊపిరితిత్తులకూ తప్పదు. 2022 చార్‌ధామ్ యాత్రలో 200 మందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది గుండె సమస్యలతోనే. కింద ఒకటి రెండు రాత్రులు ఆగి వెళ్లండి. దర్శనమయ్యాక పైన ఎక్కువసేపు తిరగకుండా దిగిపోండి. అమర్‌నాథ్‌కు ఆరోగ్య ధ్రువపత్రం తప్పనిసరి. ఆరు వారాలు దాటిన గర్భిణులను అనుమతించరు. ఆ ఫారాన్ని ఏ పరీక్షా లేకుండా నింపించుకుంటే మోసపోయేది మీరే.

మూడు నెలల తయారీ

నడక అలవాటు కొండ జబ్బును ఆపదని చెప్పాను. మరి తయారీ ఎందుకు? బలం లేని కాళ్లు త్వరగా అలసిపోతాయి. అలసిన మనిషి వెనకబడతాడు, తిండి తినడు, చలికి వణుకుతాడు. అప్పుడు ఏది అలసటో, ఏది జబ్బో గైడ్‌కు తెలియదు.

మనకు కొండలు లేవన్న బెంగ అక్కర్లేదు. తెల్లవారుజామున నాలుగున్నరకే చీపుళ్లు, పారలు పట్టుకుని రోడ్ల మీదికొచ్చే స్వచ్ఛ చల్లపల్లి కార్యకర్తలున్న ఊరు మాది. పొద్దున్నే లేవడం మాకెవరూ నేర్పక్కర్లేదు. వారానికి అయిదు రోజులు ముప్పావు గంట వేగంగా నడవండి. మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి, అదీ సరైన వేగం. రెండో నెల నుంచి కరకట్ట వాలు ఎక్కడం, దిగడం పదిసార్లతో మొదలుపెట్టి నలభైకి తీసుకెళ్లండి. బడి సంచిలో మూడు కిలోల బియ్యం వేసుకుని మొదలుపెట్టి ఆరు కిలోల దాకా పెంచండి. మూడో నెలలో ఒక ఆదివారం మంగళగిరి మెట్లు, ఇంకో ఆదివారం ఇంద్రకీలాద్రి. వీలైతే అలిపిరి నుంచి 3,550 మెట్లు. ఎక్కడం కన్నా దిగడం సాధన చేయండి. మోకాళ్లు దెబ్బతినేది దిగేటప్పుడే. బూట్లు ప్రయాణానికి కొత్తవి కొనకుండా ఇప్పుడే కొని, వాటితోనే నడవండి.

మాలావత్ పూర్ణను చూసి ‘పదమూడేళ్ల పిల్ల ఎక్కింది, మేం బేస్ క్యాంపుకు వెళ్లలేమా’ అంటారు. నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి వచ్చిన పూర్ణ, ఖమ్మం జిల్లా కుర్రాడు ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కారు. భువనగిరి బండ మీద శిక్షణ, డార్జిలింగ్‌లో పర్వతారోహణ కోర్సు, చలికాలంలో లద్దాఖ్‌లో సాధన.. ఇవన్నీ అయ్యాకే వాళ్లు అక్కడికి వెళ్లారు. 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలు ఎక్కిన మన నెల్లూరు జిల్లా మల్లి మస్తాన్ బాబు 2015లో ఆండీస్ కొండల్లో ప్రాణాలు కోల్పోయారు. అంతటి అనుభవం ఉన్నవారికీ కొండ మినహాయింపు ఇవ్వలేదు.

బీపీ, షుగర్, రక్తహీనత

బీపీ ఉన్నవాళ్లు వెళ్లకూడదనేం లేదు. అదుపులో ఉండాలి. పైకి వెళ్లిన మొదటి రోజుల్లో బీపీ కొంత పెరుగుతుంది కాబట్టి మాత్ర ఒక్క పూట కూడా మానకూడదు. గుండె వేగాన్ని తగ్గించే మాత్రలు, మూత్రం ఎక్కువగా పోయించే మాత్రలు వాడుతుంటే వాటిని మార్చాలో లేదో ముందే మీ డాక్టరును అడగండి. స్టెంట్ పడినవారు, ఎప్పుడైనా ఛాతీ నొప్పి వచ్చినవారు, కుటుంబంలో గుండెపోట్లు ఉన్నవారు గుండె నిపుణుడి పరీక్ష తర్వాతే ఆలోచించాలి. ఈమధ్యే గుండెపోటు వచ్చినవారు, కొద్దిపాటి నడకకే ఆయాసపడేవారు వెళ్లొద్దు. ఆస్తమా ఉన్నవారు అదుపులో ఉంటే వెళ్లొచ్చు. ఇన్‌హేలర్ చలికి గడ్డకట్టకుండా లోపలి జేబులో పెట్టుకోవాలి.

షుగర్ సంగతి కొంచెం పెద్దది. రోజుకు ఆరేడు గంటల నడకతో షుగర్ పడిపోవచ్చు. తల తిరగడం, చెమట, తికమక.. ఇవి ఎత్తు జబ్బులాగే కనిపిస్తాయి. అందుకే గ్లూకోమీటరు తప్పనిసరి. దాన్ని, స్ట్రిప్పులను చొక్కా లోపల ఒంటికి ఆనేలా ఉంచుకోండి, చలికి తప్పుడు లెక్కలు చూపిస్తాయి. ఇన్సులిన్ గడ్డకడితే ఇక పనికిరాదు. రాత్రి పడుకునేటప్పుడు దుప్పటిలోనే పెట్టుకోవాలి. కొన్ని కొత్త షుగర్ మాత్రలు తిండి తినలేని రోజున, వాంతులప్పుడు ఆపేయాల్సి ఉంటుంది. మీ చీటీలో ఏది అలాంటిదో డాక్టరుతో గుర్తు పెట్టించుకోండి.

రక్తహీనత గురించి ఎవరూ అడగరు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం మన రాష్ట్రంలో 15-49 ఏళ్ల మహిళల్లో సుమారు 59 శాతం మందికి రక్తం తక్కువ. ఆక్సిజన్ మోసేదే హిమోగ్లోబిన్. అక్కడ గాలి సగం, ఇక్కడ మోసే బళ్లూ తక్కువైతే ఎలా? ఐరన్ మాత్రలతో కోలుకోవడానికి రెండు మూడు నెలలు కావాలి. తయారీ మూడు నెలలు అనడానికి ఇదీ ఒక కారణం.

డైమాక్స్ అనే మాత్ర గురించి అందరూ అడుగుతారు. అది ఎసిటజోలమైడ్. శరీరం ఎత్తుకు అలవాటుపడటాన్ని వేగిరపరుస్తుంది, లక్షణాలను కప్పిపెట్టదు. పెద్దవాళ్లకు నివారణకు సాధారణంగా 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఎక్కడానికి ముందు రోజు నుంచి. వేళ్లు తిమ్మిరెక్కుతాయి, మూత్రం ఎక్కువగా వస్తుంది, సోడా చప్పగా అనిపిస్తుంది. సల్ఫా మందులు పడనివారు, కిడ్నీ జబ్బు ఉన్నవారు, గర్భిణులు సొంతంగా వేసుకోకూడదు. డాక్టరు రాస్తే ఇంటి దగ్గరే రెండు రోజులు వాడి చూసుకోండి. మందుల షాపులో పక్కింటాయన పేరు చెప్పి కొనుక్కోవద్దు.

గుడ్డలో కర్పూరం కట్టుకుని వాసన చూస్తే ఆక్సిజన్ పెరుగుతుందని యాత్రల్లో ఒక నమ్మకం ఉంది. ముక్కు తెరుచుకున్నట్టు అనిపిస్తుందంతే, రక్తంలో ఆక్సిజన్ రవ్వంత కూడా పెరగదు. అమ్మే చిన్న ఆక్సిజన్ డబ్బాలు కొన్ని నిమిషాలకే అయిపోతాయి. మద్యం, నిద్రమాత్రలు పైన వద్దేవద్దు, రాత్రి శ్వాసను మందగింపజేస్తాయి. తిండికి భయం లేదు, నేపాల్ దారిలో రెండు పూటలా పప్పూ అన్నమే. ఆకలి చచ్చిపోతుంది కాబట్టి కందిపొడి, నిమ్మకాయ పచ్చడి వెంట ఉంటే నాలుగు ముద్దలు ఎక్కువ దిగుతాయి. రోజుకు మూడు లీటర్ల దాకా నీళ్లు తాగండి. మంచు మీద ఎండ కళ్లను కాల్చేస్తుంది, మంచి చలువ కళ్లద్దాలు మరవొద్దు.

మాస్టారు రెండు వారాలు నా దగ్గరికి రాలేదు. కోపం పోలేదేమో అనుకున్నాను. మూడో వారం అబ్బాయే ఫోన్ చేశాడు. అక్టోబరు టికెట్లు రద్దు చేశాడట, కొంత డబ్బు పోయిందట. కొత్త ప్రయాణం ఏప్రిల్లో. నామ్చేలో రెండు రాత్రులు, డింగ్‌బోచేలో రెండు రాత్రులు. పథకం వాట్సాప్‌లో పంపి, ‘ఇప్పుడు సరేనా అంకుల్’ అని అడిగాడు.

మొన్న ఉదయం కరకట్ట మీద మాస్టారు కనిపించారు. వీపున మనవడి బడి సంచి, అందులో నాలుగు కిలోల బియ్యం. వెనకే అమ్మగారు, ఖాళీ చేతులతో ఆయన కన్నా వేగంగా. ఆవిడ హిమోగ్లోబిన్ 10.6కు వచ్చింది. మాస్టారి షుగర్ సగటు ఇంకా 7.8. వచ్చే సోమవారం విజయవాడలో ట్రెడ్‌మిల్ పరీక్ష. ఫారం నా సొరుగులోనే ఉంది. సంతకం ఇంకా పెట్టలేదు.